మైల ముంత

పోయిన వారం ఉలీతను గుమ్మం దగ్గర నిలబడి ఉండగా వదిలాం. రష్యా చక్రవర్తి జారు పంపిన ఖీవా ఎడారి దండయాత్ర నుంచి తిరిగొచ్చిన ఆమె భర్త ఇసాయి ఆరు వారాల ప్రాయశ్చిత్తంలో ఉన్నాడు. వాళ్ళది సర్కారు చర్చిలో కలవని పాత ఆచారపు కోసాకుల ఊరు. దండులో సర్కారు చర్చి వాళ్ళతో, తాతార్లతో ఒకే కుండలో తిన్నవాడు కాబట్టి ఇంటి గిన్నెలు ముట్టకూడదు. ఇంటి పటాలకు మొక్కకూడదు. గది నడిమి దూలం దాటి లోపలికి రాకూడదు. పడక పెరట్లోని స్నానాల కొట్లో. చలిజ్వరంతో అతను గుమ్మంలో కూలబడినప్పుడు ఉలీత చేతికందిన ముంతతో నీళ్ళు పట్టింది. అది అతని ముంత కాదు, ఇంటి ముంత. ఆమె దాన్ని దాచేలోపే అత్తగారు సెక్లెతీన్య అదే ముంతతో నీళ్ళు ముంచి, మంచం పట్టిన మావగారికి అందించింది. మావగారు గలాక్తియోన్ చుక్క మిగల్చకుండా తాగాడు.

తెల్లారేసరికి ముంత పొయ్యిలో బూడిదైంది.

"ముంత ఏదే?" అంది సెక్లెతీన్య.

"పగిలిందత్తయ్యా."

"కొయ్య ముంత పగలడమేమిటి?"

"చీలింది."

"చీలితే తీగ చుట్టుకునేవాళ్ళం కదే. నా పెళ్ళినాటిది."

సెక్లెతీన్యకు జవాబు వినే తీరిక లేదు. ఊరి ఆడపిల్లలకు కీర్తనల గ్రంథం చదవడం నేర్పేది ఆమే. ప్రార్థనశాల తాళంచెవి ఆమె నడుముకే ఉంటుంది. ఆ ఇంటి గిన్నె మీద పరాయి చెయ్యి పడిందని నలభై ఏళ్ళలో ఎవరూ అనలేదు.

"ప్రార్థనపెద్ద మార్కెల్ లూకిచ్‌కి కబురు పెట్టాను. మధ్యాహ్నం ప్రార్థన అయ్యాక వస్తానన్నాడు. మీ మావగారికి ఇవాళే కడసారి వీడ్కోలు. రేపటిదాకా ఆగేట్టు లేడు. బల్లలు రుద్దు. కొత్త రొట్టె చెయ్యి. నేను కొవ్వొత్తులు తెస్తాను."

మూడేళ్ళ మనవరాలు ఫ్యోక్లను కోటులో చుట్టి, చంకనెత్తుకుని వెళ్ళిపోయింది.

ఉలీత బల్లలు రుద్దలేదు. పెరట్లోకి వెళ్ళింది.

నది మీద మంచు బిగిసింది. పెద్దచేపల వేట దగ్గరపడటంతో ప్రతి ఇంటి ముందూ మగవాళ్ళు కొక్కేల గడలు బాగుచేసుకుంటున్నారు. ఇసాయి స్నానాల కొట్లో తోలు జపమాల పట్టుకుని సాగిల మొక్కులు మొక్కుతున్నాడు. జ్వరం తగ్గింది. ముఖం పసుపుగా ఉంది. అతను ఆ వరస పూర్తి చేసేదాకా ఉలీత ఆగింది. మధ్యలో ఆపితే మొదటి నుంచి మొక్కాలి.

"నిన్న నీకు నీళ్ళిచ్చిన ముంత ఇంటిది," అంది.

అతను లేవలేదు. మోకాళ్ళ మీదే ఉన్నాడు.

"అదే ముంతతో మావయ్య తాగాడు."

"ఎవరిచ్చారు?"

"అత్తయ్య. ఆవిడకి తెలీదు."

ఇసాయి జపమాల గోడకున్న మేకుకు తగిలించాడు. నవ్వాడు. ఆ నవ్వు దండు నుంచి తెచ్చుకున్నాడు. వెళ్ళేముందు అతనికి అలా నవ్వడం రాదు.

"అక్కడ మా పొయ్యి దగ్గర ఒకటే కుండ ఉండేది. తాతారోడు, సర్కారు చర్చివాడు, నేను. మొదటి నాలుగు రోజులూ ఎండుచేప నమిలి బతికాను. అయిదోరోజు ఆ తాతారే గరిటె చేతిలో పెట్టి, 'తినవోయ్ గడ్డమోడా, నీ దేవుడు ఇసకలో నిన్ను వెతుక్కోవాలంటే నువ్వు బతికుండాలి కదా' అన్నాడు. తిన్నాను."

"మరి వీడ్కోలు? మార్కెల్ లూకిచ్ అడుగుతాడు కదా. పరాయివాళ్ళతో తిన్నావా, తాగావా అని. మావయ్య లేదంటాడు. తెలియక అబద్ధం చెప్పి పోతాడు."

"తెలియకపోతే అబద్ధమెలా అవుతుంది? నోరు మూసుకో ఉలీతా. ఆయన్ని శుభ్రంగా పోనియ్యి." అతని గొంతు మారింది. "ఖీవా దారిలో నీళ్ళు లేక పక్కవాడు చచ్చిపోతుంటే నేనేమనుకున్నానో తెలుసా? మైలపడితే పడ్డాను, ఇంట్లో నాన్న ఉన్నాడు, నాన్న శుభ్రంగా ఉన్నాడు, నా కోసం మొక్కుతున్నాడు అనుకున్నాను. నా దగ్గరున్నది ఆ ఒక్కటే."

ఉలీత తిరిగి ఇంట్లోకి వచ్చింది. ఇసాయి చెప్పిన మాట తప్పని ఆమెకు అనిపించలేదు. కానీ మావగారు పటాల ముందు ఆ మాట అనగా విని తాను ఊరుకోగలదని కూడా అనిపించలేదు. అత్తగారు వచ్చేలోపు చెప్పేయాలి.

గలాక్తియోన్ పటాల కింద బల్ల మీద పడుకుని ఉన్నాడు. తెల్ల చొక్కా అప్పటికే తొడిగారు. గడ్డం దువ్వారు. తొలిచిన దుంగతో చేసిన శవపేటిక పదేళ్ళుగా అటక మీద ఉంది. దాన్ని నిన్ననే కిందికి దింపారు.

"మావయ్యా," అంది. "మీతో ఒక మాట చెప్పాలి."

"ముంత సంగతేనా?"

ఉలీత నేల మీద కూర్చుండిపోయింది.

"కాల్చేశావా? వాసనొచ్చింది," అన్నాడు. "ఈ బల్ల మీంచి గుమ్మం కనిపిస్తుంది కోడలా. కాళ్ళు చచ్చాయిగానీ కళ్ళు కాదు. వాడు పడిపోవడం చూశాను. నువ్వు పట్టడం చూశాను. నువ్వు ముంత కింద పెట్టగానే మీ అత్తని నీళ్ళడిగాను."

"తెలిసే అడిగారా?"

"తెలిసే."

"ఎందుకు మావయ్యా?"

ముసలాయన కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "వాణ్ణి ఎవరు పంపారు?"

ఆ సంగతి ఉలీతకు తెలుసు. ఊరందరికీ తెలుసు. నది కోసాకులది. ఆ నదికి జారు అడిగే వెల మగవాళ్ళు. దండుకు ఇంతమంది కావాలని కబురొచ్చినప్పుడు ఊరంతా సభ కూర్చుంటుంది. ఉన్నవాడు డబ్బు పెట్టి ఉండిపోతాడు, లేనివాడు ఆ డబ్బు తీసుకుని బదులుకు పోతాడు. ఆ ఏడు పోవలసినవాడు ప్రార్థనపెద్ద మార్కెల్ లూకిచ్ కొడుకు నజార్. అతని బదులు ఇసాయి పోయాడు. బేరం కుదుర్చుకుని చెయ్యి కలిపింది గలాక్తియోన్.

"ఆ డబ్బుతో పడవ కొన్నాను," అన్నాడు ముసలాయన. "వాడక్కడ పరాయి కుండలో తింటుంటే నేనిక్కడ నా గిన్నె కడిగించుకుని, బోర్లించి, దాని మీద గుడ్డ కప్పుకున్నాను. శుభ్రంగా ఉన్నాను. వాడొచ్చాడు. దూలానికి అవతల నించుని నన్ను చూశాడు. నాన్నా, దగ్గరికి రావచ్చా అని కూడా అడగలేదు. రాకూడదని వాడికి తెలుసు. నేనే నేర్పాను." కళ్ళు మూసుకున్నాడు. "వాడి వైపుకి నేనన్నా పోవాలి కదా. నీళ్ళు దొరికాయి, తాగాను."

"నేను చెబుతాను మావయ్యా. ఇచ్చింది నేను. మీరు ఏమీ ఎరగరని చెబుతాను. తనంతట తాను ఒప్పుకుంటే మొక్కులతో పోతుంది. ఒక ఏడాది విడిగా పెడతారేమో, అంతే."

"ఇంకొకరు బయటపెడితే?"

జవాబు ఉలీతకు తెలుసు. దాచిన తప్పును మరొకరు బయటపెడితే ఆ మనిషిని గడప దాటిస్తారు. బిడ్డను ఉంచేసుకుంటారు. అలా పంపేసిన ఒకామె మూడు ఊళ్ళ అవతల సంతలో పేడపిడకలు అమ్ముతూ కనిపిస్తుంది. ఆమె ముఖం వైపు ఎవరూ చూడరు.

"నువ్వేం చెప్పకు," అన్నాడు గలాక్తియోన్. "నీ తప్పు నా నెత్తిన వేసుకోవడం లేదమ్మా. నా తప్పు నువ్వు వేసుకోవద్దంటున్నాను. మాటివ్వు."

"తెలిసే తాగానంటే మీ మీద ప్రార్థన చదవరు మావయ్యా. చదవకుండా పూడుస్తారు."

"మాటివ్వు."

ఇచ్చింది.

మధ్యాహ్నం ప్రార్థన ముగిశాక జనం వచ్చారు. ఒక్కొక్కరూ చేతిలో గిన్నె, చెంచా తెచ్చుకున్నారు. ఎవరి గిన్నె వాళ్ళది. మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు నిలబడ్డారు. సెక్లెతీన్య కొవ్వొత్తులు వెలిగించింది. ఇసాయి దూలానికి అవతల, గుమ్మం పక్కన టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

పక్కింటి ద్రోసీద అతని పక్కగా లోపలికి వస్తూ పావడా పక్కకి లాక్కుంది. "కాస్త జరుగు ఇసాయీ. జారుగారి పతకం గుచ్చుకునేట్టుంది."

"గుచ్చుకుంటే మంచిదే పిన్నీ. నీకూ సగం పుణ్యం వస్తుంది."

"వద్దులే నాయనా. ఇంట్లో కూర్చుని సంపాదించుకుంది చాలు."

మార్కెల్ లూకిచ్ వచ్చేసరికి ఆ గుసగుసలు ఆగాయి. అతనికి గలాక్తియోన్ వయసే. ఇద్దరూ ఒకే ఏడు నదిలో మొదటి చేప పట్టారు. నజార్ తండ్రి వెనకే పుస్తకం మోసుకుని వచ్చాడు.

వీడ్కోలు మొదలైంది. ఒక్కొక్కరూ బల్ల దగ్గరకు వచ్చి నేలకు వంగి, "క్రీస్తు కోసం నన్ను క్షమించు," అన్నారు. "దేవుడు క్షమిస్తాడు. నువ్వూ నన్ను క్షమించు," అన్నాడు గలాక్తియోన్ ప్రతి ఒక్కరితో. వల చింపినవాడు, సరిహద్దు గట్టు జరిపినవాడు, గుర్రం గురించి అబద్ధం చెప్పినవాడు అందరూ వంగారు. సెక్లెతీన్య వంగినప్పుడు ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. ఇసాయి ఉన్న చోటనే, దూలానికి అవతలే వంగాడు. అతని నుదురు నేలకు తగిలింది.

తర్వాత మార్కెల్ లూకిచ్ పుస్తకం తెరిచాడు. ప్రశ్నలు అడిగాడు. సిలువ గుర్తు రెండు వేళ్ళతోనే వేసుకున్నావా? వేసుకున్నాను. గడ్డం కత్తిరించావా? లేదు. పరాయివాళ్ళతో కలిసి ప్రార్థించావా? లేదు. పరాయివాళ్ళతో, మైలలో ఉన్నవాళ్ళతో తిన్నావా, తాగావా?

గలాక్తియోన్ ఊరుకున్నాడు.

మార్కెల్ లూకిచ్ అదే ప్రశ్న మళ్ళీ అడిగాడు. చెవికి అందలేదనుకున్నాడు.

"తాగాను," అన్నాడు గలాక్తియోన్.

"ఎవరితో?"

"నా కొడుకు తాగిన ఇంటి ముంతలో. తెలియక అందించింది సెక్లెతీన్య."

సెక్లెతీన్య చేతిలో కొవ్వొత్తి వంగి మైనం నేల మీద పడింది. ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో "ప్రభూ" అన్నారు.

మార్కెల్ లూకిచ్ వంగి, గొంతు తగ్గించాడు. "గలాక్తియోన్, నీ ఒళ్ళు కాలిపోతోంది. తెలియక తాగి ఉంటావు. తెలియక తాగానని చెప్పు. నాకది చాలు."

"తెలిసే తాగాను."

"సరే. తెలిసే. పశ్చాత్తాపపడుతున్నాను అను. ఒక్క మాట. మిగతాది నేను చూసుకుంటాను."

"పశ్చాత్తాపం ఉంది మార్కెల్. దానికి కాదు. నీ నజార్ బదులు నా ఇసాయిని పంపినందుకు ఉంది. నువ్వు చెయ్యి చాచావు, నేను కలిపాను. ఆ రోజు మనిద్దరం చేతులు కడుక్కుని భోంచేశాం. గుర్తుందా?"

గదిలో ఎవరూ ఎవరివైపూ చూడలేదు. అందరికీ తెలిసిన సంగతే. ఎవరూ ఎప్పుడూ పైకి అనలేదు. నజార్ చెవులు ఎర్రబడ్డాయి.

మార్కెల్ లూకిచ్ తొణకలేదు. "నజార్ పోయి ఉంటే ఆ గుమ్మం దగ్గర నజార్ నిలబడేవాడు. వాడికీ ఇవే మొక్కులు వేసేవాణ్ణి."

"వేసేవాడివే. ఆ సంగతి నాకు తెలుసు. వాడు పోలేదు."

మార్కెల్ లూకిచ్ లేచాడు. "ఇంటి గిన్నె మీ అబ్బాయి చేతికి ఎలా వచ్చింది? ఎవరిచ్చారు?"

ఉలీత నోరు తెరిచింది. గలాక్తియోన్ ఆమెను చూశాడు. ఆమె నోరు మూసుకుంది. ఆ ప్రశ్న మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ జవాబు రాలేదు.

"పశ్చాత్తాపం లేని చోట నేను చదవలేను," అన్నాడు మార్కెల్ లూకిచ్. "ఇది నా ఇష్టం కాదు గలాక్తియోన్. నా చేతిలో ఉంటే ఈ పాటికి చదివేసేవాణ్ణి." పుస్తకం మూశాడు. కొవ్వొత్తులు ఒక్కొక్కటే ఆర్పాడు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. "సెక్లెతీన్యా, నువ్వు తెలియక అందించావు. నీకు మొక్కులతో పోతుంది. ఇక ఈ ఇంట్లో నీళ్ళు తాగితే మాత్రం తెలిసి తాగినట్టే. నీ దగ్గర చదువుకునే పిల్లలు ప్రార్థనశాలలో కూర్చుని ఉన్నారు."

సెక్లెతీన్య భర్త వైపు చూసింది. నలభై ఏళ్ళు ఆ మనిషి గిన్నె తానే కడిగింది, ఇంకెవరినీ ముట్టనివ్వలేదు.

"ఆ ముక్క నాకైనా ముందు చెప్పలేకపోయావా?" అంది.

"చెబితే నీళ్ళివ్వవు కదే."

"ఇవ్వను."

ఆమె పొయ్యి గట్టు మీది నుంచి ఫ్యోక్లను ఎత్తుకుంది. కోటు చుట్టింది. ఉలీత ముందుకు ఒక అడుగు వేసి ఆగిపోయింది. పిల్లన్నా శుభ్రమైన ఇంట్లో ఉంటుందనుకుంది. సెక్లెతీన్య కొడుకు పక్కగా, అతని వైపు చూడకుండా బయటికి నడిచింది. జనం ఆమె వెనకే కదిలారు.

ఇంట్లో ముగ్గురు మిగిలారు.

"ఇసాయీ," అన్నాడు గలాక్తియోన్. "రా. దగ్గరికి రా. ఇప్పుడు రావచ్చు."

ఇసాయి దూలం దాకా వచ్చి ఆగాడు. అతని బూట్ల ముందు కొసలు సరిగ్గా దూలం కింద ఉన్నాయి.

"నాకింకా గడువు తీరలేదు నాన్నా."

"నాకూ తీరలేదుగా ఇప్పుడు. ఇద్దరం ఒకే వైపు ఉన్నాం. రా."

"ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని ఈ వైపుకి?" ఇసాయి అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదని ఉలీతకు అనిపించింది. "నేనక్కడ మింగిన ప్రతి ముద్దా మీరు ఉన్నారని మింగాను. మీరు శుభ్రంగా ఉన్నారని. నా వంతు కూడా మీరు మొక్కుతున్నారని. పొద్దున్నించి ఆ కొట్లో మోకాళ్ళు పగిలేలా మొక్కుతున్నది ఎవరి దగ్గరికి రావడానికి? మీ దగ్గరికే కదా. ఇప్పుడు గడువు తీరితే ఎక్కడికి రావాలి?"

ఇసాయి టోపీతో గుమ్మం వైపు చూపించాడు.

"తెలియక తాగానని చెప్పండి. ఆయన వాకిట్లోనే ఉన్నాడు. పిలుస్తాను."

"చెప్పను."

"నా కోసం చెప్పండి."

"నీ కోసమే చెప్పనురా."

ఇసాయి టోపీ పెట్టుకోలేదు. వెనక్కి తిరిగి తలుపు తీసుకుని పోయాడు. తలుపు వెయ్యలేదు. మంచుగాలి గదిలోకి వచ్చింది. ఉలీత వెళ్ళి తలుపు వేసి, కిటికీ దగ్గరకు వచ్చింది. అద్దం మీద పేరుకున్న మంచును అరచేత్తో కరిగించి చూసింది.

జనం ఇంకా వీధి మలుపు తిరగలేదు. ఇసాయి పరుగెత్తుకెళ్ళి మార్కెల్ లూకిచ్ ముందు మోకాళ్ళ మీద పడ్డాడు. ఏదో చెప్పాడు. మార్కెల్ లూకిచ్ తల అడ్డంగా ఊపాడు. ఇసాయి మళ్ళీ చెప్పాడు. తన నుదురు మీద చెయ్యి పెట్టుకుని చూపించాడు. జ్వరం అని చెబుతున్నాడు. నాన్న మతి తప్పి మాట్లాడుతున్నాడని చెబుతున్నాడు. ఉలీతకు శబ్దం వినిపించలేదు. వినిపించనక్కర లేకపోయింది.

మతి తప్పినవాడి మాట లెక్కకు రాదు. చదవచ్చు. కానీ అప్పుడు ఇంటి గిన్నె ఎలా బయటికి వచ్చిందన్నది తేలాలి.

మార్కెల్ లూకిచ్ వంగి ఒక ప్రశ్న అడిగాడు. చిన్న ప్రశ్న.

ఇసాయి తల తిప్పి ఇంటి వైపు చూశాడు. చెయ్యెత్తి కిటికీని చూపించాడు.

పొద్దున తానే చెప్పి ఉంటే అది ఒప్పుకోలు అయ్యేది. ఇప్పుడది ఇంకొకరు బయటపెట్టిన తప్పు. ఉలీత అరచెయ్యి అద్దానికి అంటుకుని ఉంది. తీసుకోవాలని తోచలేదు. వీధిలో జనం వెనక్కి తిరిగారు. ముందు మార్కెల్ లూకిచ్, అతని వెనక పుస్తకంతో నజార్, పిల్లను కోటులో ఇంకా గట్టిగా చుట్టుకుంటూ సెక్లెతీన్య. ఇసాయి మాత్రం మోకాళ్ళ మీదే ఉన్నాడు.

"అడుగుల చప్పుడు," అన్నాడు గలాక్తియోన్ వెనక నుంచి. "వస్తున్నారా?"

"వస్తున్నారు మావయ్యా."

"మార్కెల్ కూడానా? మనసు మార్చుకున్నాడా? చదువుతాడా?"

"చదువుతాడు."

ముసలాయన ఊపిరి వదిలాడు. ఆ ఊపిరిలో సంతోషమో భయమో ఆమెకు తెలియలేదు. "నేను మాట మార్చుకోలేదు కదే. మరి దేనికొస్తున్నారు?"

మెట్ల మీద మొదటి అడుగు పడింది. ఉలీత అద్దం నుంచి చెయ్యి తీసింది.

"నా కోసం," అంది.